పదిహేడో పేరు

తెప్పూరు మోకుల పాక పుస్తకం. చెప్పినవాడు మైలపల్లి గురప్ప, మోకు పెద్ద.

గురువారం. కొత్త మోకుకి ఇంకా 24 రోజులు

యాభై తొమ్మిదేళ్ల కిందట నాకు ముప్పై ఒక్క మార్కులు వచ్చాయి. నలభై కావాలన్నారు. అందుకని నన్ను జడకోలాటంలోకి రానివ్వలేదు. నా ఈడు పిల్లలు పదహారుమంది స్తంభం చుట్టూ తిరిగి మోకు అల్లుతుంటే, నేను పిండితో గీసిన గీత ఇవతల నిలబడి, నార ఎండిపోకుండా నీళ్లు చల్లాను. ఆ రూలు పెట్టిన హెడ్మాస్టరు పోయి ముప్పై ఏళ్లయింది. ఆయన పేరు మర్చిపోలేదు. ఇక్కడ చెప్పను, చెబితే గౌరవించినట్టవుతుంది.

ఆయన బడి వదిలి వెళ్లిపోగానే రూలూ పోయింది. ఇవాళ మళ్లీ వచ్చింది.

బడి గోడ మీద నోటీసు పెట్టారు. కూడబలుక్కుని చదివాను. యాభై మార్కులు దాటినవాళ్లకే ఈ ఏడు జడకోలాటం. పోయిన ఏడు ఆడిన పదహారుమందిలో ఏడుగురు ఆగిపోయారు. అందులో ముందు జడ పట్టే ముత్యాలు ఒకతి. దానికి ముప్పై ఎనిమిది మార్కులు.

ఇవాళ్టి పని: తేలే ఈ ఊరిని సముద్రంలో కట్టి ఉంచే మోకుల్లో దక్షిణపుది తడిమి చూశాను. నీళ్లలో మూడు బారల దిగువన రెండు పోగులు తేలాయి. నాలుగేళ్లు మోసింది, ఇక దించెయ్యాలి. తుపాన్ల కాలం ముందుంది.

శుక్రవారం. ఇంకా 23 రోజులు

బడికి వెళ్లాను. హెడ్మిస్ట్రెస్ తారకేశ్వరి గారు కుర్చీ వేయించారు. నేను కూర్చోలేదు.

"ఎవుల్నడిగి పెట్టారమ్మా ఈ రూలు? అది ఆట కాదు. ఊరు నిలబడేది దాని మీద."

"ఊరికి మోకు కావాలని నాకూ తెలుసు గురప్ప గారూ. పదహారుమందిని ఇస్తున్నాను కదా. లెక్క తగ్గలేదు."

"లెక్క తగ్గనేదు. అడుగెరిగిన కాళ్లు తగ్గాయి."

ఆమె నవ్వలేదు, కోపగించుకోలేదు. కిటికీలోంచి హెచ్చరిక బోర్డు చూపించారు. నిరుడు వానాకాలంలో ముగ్గురు పిల్లలు ఆ బోర్డు కింద నుంచే పడవ వేసుకుని పోయారు. సముద్రంలోకి పోవద్దని దాని మీద జానెడు అక్షరాల్లో ఉంది. ముగ్గురికీ చదవడం రాదు. నాలుగు రోజులకి దొరికారు. ఒకడికి ఇప్పటికీ మాట సరిగా రావడం లేదు.

"ఆ పిల్లాడి అమ్మకి నేనేం చెప్పాను? మీవాడు బడికి వచ్చాడు గానీ చదువుకోలేదని చెప్పాను. ఇంకో తల్లికి ఆ మాట చెప్పలేను. పిల్లలు జడకోలాటం అంటే పడి చస్తారు. దాని కోసమైనా పుస్తకం తీస్తారని పెట్టాను."

"ఎర యేసినారన్నమాట."

"అనుకోండి."

"ఎర సేపకేత్తారమ్మా. పిల్లలకి కూడెడతారు."

ఆమె నా వైపు తిరిగి, "మీ అభ్యంతరం రాసి ఇవ్వండి. నేనూ రాసే జవాబిస్తాను," అన్నారు.

నాకు రాత సరిగా రాదనే అలా అన్నారేమోనని దారి పొడుగునా ఉడికిపోయాను. ఈ పుస్తకం కూడా నా చేత్తో రాసేది కాదు. నేను మాట్లాడితే పాకలో ఉన్న పలక దాన్ని బడి తెలుగులోకి మార్చి పెట్టుకుంటుంది. ఎదురెదురుగా అనుకున్న మాటలు మాత్రం, నావైనా సరే, ఉన్నవున్నట్టు ఉంచుతుంది. నేను తిట్టిన చోట ఖాళీ వదులుతుంది. ఈ పేజీలో చాలా ఖాళీలుండాలి.

మంగళవారం. ఇంకా 19 రోజులు

కొత్త పదహారుమందితో మొదటి సాధన.

నా తరవాత ఈ పాకలో కూర్చునేవాళ్ల కోసం పని చెప్పి ఉంచుతున్నాను. స్తంభం నెత్తిన కప్పీ. దాని నుంచి పదహారు నాచునార పోగులు. ఒక్కో పిల్లకి ఒక్కో పోగు, దాని చుట్ట భుజం మీద. ఎనిమిదిమంది కుడి చుట్టు, ఎనిమిదిమంది ఎడమ చుట్టు. ఎదురొచ్చినవాళ్లని ఒకసారి లోపల నుంచి, ఒకసారి బయట నుంచి దాటాలి. వాళ్లు నడిచిన కొద్దీ పైన జడ పడుతుంది, కప్పీ దాన్ని లాక్కుంటుంది. పెద్దవాళ్లు నడిస్తే అంగ పొడుగు, అల్లిక వదులు. పదమూడేళ్లు దాటని పిల్లల అంగకే బిగువు సరిగ్గా కుదురుతుంది. రెండుసార్లు యంత్రంతో అల్లించారు. మరీ బిగిసిపోయి, అల వచ్చినప్పుడు పోగు మీద పోగు ఒరుసుకుని రెండూ తెగాయి. మనిషి అడుగులో కాస్త సందుంటుంది. సముద్రానికి ఆ సందు కావాలి. ఆ అడుగుని నడిపేది నా డప్పు.

ఇవాళ ఎవరూ డప్పు వినలేదు. కొత్తగా వచ్చిన ఏడుగురూ మనసులో అంకెలు లెక్కపెట్టుకుంటున్నారు. పెదవులు కదులుతున్నాయి. ముత్యాలు జాగాలో ముందు జడ పట్టింది హంసిని. బడిలో మొదటి మార్కు ఆ పిల్లదే. రెండో చుట్టుకే ఎదురు పిల్లని గుద్దుకుని ఇద్దరూ పడ్డారు.

ముత్యాలు గీత ఇవతల నీళ్ల బాల్చీతో నిలబడింది. ఇప్పుడు పిండి గీత కాదు, నేల మీద వెలుగు గీత. పిల్లల చేతి పట్టీలో మార్కు యాభై దాటితే పచ్చ, లేకపోతే ఎరుపు. ఎరుపు పట్టీ గీత దాటితే కూత పెడుతుంది.

హంసిని పడినప్పుడు ముత్యాలు ఒక్క అడుగు ముందుకేసింది. పట్టీ కూసింది. అందరూ చూశారు. బాల్చీ కింద పెట్టి వెనక్కి వెళ్లింది.

శనివారం. ఇంకా 15 రోజులు

బడిలో మళ్లీ పరీక్ష పెట్టారు. ముత్యాలు మార్కు నలభై ఒకటి.

వాళ్ల నాయనమ్మ దేముడమ్మ వలలు బాగుచేసే మనిషి, నాకు మరదలి వరస. పొద్దున్నే పాకలోకి వచ్చి నా ఎదురుగా వల పరుచుక్కూర్చుంది.

"ఏటి బావా, మొకం అలా మాడ్సుకున్నావు? అంబలి నాలిక్కి సుర్రుమందేటి?"

"నీ మనవరాలి సంగతే."

"అది కూకుని సదువుతాంది. నువ్వే అటూ ఇటూ గెంతుతున్నావు. నీకు మార్కులు రాన్నాడు కూడా ఇలాగే గెంతినావు, నానెరగనా?"

ఆ ఏడు దేముడమ్మ తొమ్మిదో జడ పట్టింది. నేను గీత ఇవతలున్నానని తెలిసి బతికున్నది ఇప్పుడు ఆమె ఒక్కతే. యాభై తొమ్మిదేళ్లుగా ఎవరి దగ్గరా నోరు విప్పలేదు. మా ఇద్దరికీ పడక రెండేళ్లు మాటల్లేనప్పుడు కూడా విప్పలేదు.

"పున్నెం కట్టుకో మరదలా, ఇప్పుడాపు."

"ఆపుతాను గానీ, గుంట సంగతి ఏదోటి సూడు. దానికి పదమూడో ఏడు. ఈ ఏడు తప్పితే మరి నేదు."

అదీ అసలు సంగతి. పదమూడో ఏట జడ పట్టినవాళ్లకే మోకుల పాకలో చోటని ఊరి కట్టడి. నా తరవాత ఇక్కడ కూర్చోగల చేతులు ముత్యాలువి. కళ్లు మూయించి మోకు చేతిలో పెడితే, ఎన్నో బార దగ్గర ఎవరి అడుగు తూలిందో చెబుతుంది. ఈ ఊళ్లో ఆ పని చేయగలవాళ్లం ఇద్దరమే. ఒకడికి డెబ్భై ఒకటి.

గురువారం. ఇంకా 10 రోజులు

ముత్యాలు నలభై ఆరు. శనివారం మార్కుల పట్టిక మూసేస్తారు.

ఈ వారం రోజూ సాధనకి ముందు హంసినిని ఒక్కదాన్నీ పిలిచి నడిపిస్తున్నాను. నాకు ఆ పిల్ల మీద కోపం ఉండాలి. రావడం లేదు. పడుతుంది, లేస్తుంది, మోకాలు తుడుచుకుని "మళ్లీ కొట్టండి తాతా" అంటుంది. ఇవాళ ముప్పయ్యోసారి తప్పాక కూర్చుండిపోయింది.

"తాతా, నాకు రాదేమో. ముత్యాలుకి ఎలా వస్తుంది?"

"అది ఇంటాది. నువ్వు లెక్కెడతావు."

"వినడం ఎలా నేర్చుకోవాలి?"

నేను నోరు తెరిచేలోపే గీత ఇవతల నుంచి ముత్యాలు అరిచింది: "ఒసే, డప్పు కేసి సూడకు! ఎదరొచ్చిన దాని బుజం సూడు! బుజం దిగితే నువ్వు లోపలికెల్లు!"

హంసిని అలాగే చేసింది. నాలుగు చుట్లు తప్పకుండా తిరిగింది. ఐదో చుట్టులో నవ్వు ఆపుకోలేక తప్పింది. తరవాత గీత దగ్గరికి వచ్చి కూర్చుని పుస్తకం తెరిచింది. ముత్యాలు ఇవతల కూర్చుంది. గీత మీద నుంచి లెక్కలు ఇటు వచ్చాయి, అడుగులు అటు వెళ్లాయి. నేను డప్పు కాచుకుంటూ చూశాను. బాగానే ఉంది గానీ, మధ్యలో ఆ గీత ఎందుకో నాకు అర్థం కాలేదు.

వెళ్లేటప్పుడు ముత్యాలుని హెచ్చరిక బోర్డు ముందు నిలబెట్టాను. "సదువు."

గడగడా చదివింది. గాలి ఎటు నుంచో, అల ఎంత ఎత్తో, పడవలు ఎప్పుడు దించాలో అన్నీ.

"మరి మార్కులెందుకు రావే?"

"అందులో గాలీ అలలూ ఉండవు తాతా. ఓ రాజు గోరు మూడు రాజ్జాలు పంచుతాడు. ఎవులికెంతని అడుగుతారు. ఆయనెందుకు పంచుతున్నాడో సెప్పరు."

సోమవారం. ఇంకా 6 రోజులు

శనివారం పట్టిక మూసేశారు. ముత్యాలుకి నలభై ఏడు. ఎరుపు.

ఇవాళ సాధన మోకుకి పరీక్ష. ఇరవై బారల మోకు అల్లి, లాగుడు చక్రానికి కట్టి తిప్పుతాం. నలభై తిప్పుల దాకా ఒక్క పోగు కూడా తెగకూడదు. తెగితే ఆ జట్టు పనికిరాదు. పనికిరాదని చెప్పే అధికారం ఊరంతటికీ నా ఒక్కడిది. ఎందుకని ఎవరూ అడగరు.

హెడ్మిస్ట్రెస్ గారు వచ్చారు. పిల్లలంతా వచ్చారు. ముత్యాలు గీత ఇవతల బాల్చీ బోర్లించి దాని మీద కూర్చుంది.

మోకు తడిమాను. ఏడో బార దగ్గర కాస్త వదులు. పన్నెండు దగ్గర ఎవరో తొందరపడ్డారు. అంతకు మించి లేదు. చక్రం తిప్పించాను. పది. ఇరవై. ముప్పై. నిజం చెబుతున్నాను, తెగితే బాగుండునని నా మనసులో ఉంది. ముప్పై ఎనిమిది దగ్గర మోకు మూలిగింది. అందరూ నా వైపు చూశారు. ఆ మూలుగు చూపించి "పోగు తెగింది, ఆపండి" అంటే చాలు. ఈ రూలు ఆ పూటే పోయేది.

"తిప్పండి," అన్నాను.

నలభై మూడు తిప్పుల దాకా నిలబడింది. పోయిన ఏడు ముత్యాలు నడిపిన మోకు నలభై ఆరు. ఇది దానికి సాటి కాదు. కానీ మంచి మోకే.

"పనికొస్తాది," అన్నాను.

హెడ్మిస్ట్రెస్ గారు దగ్గరికి వచ్చారు. "మీరు కాదంటారనుకున్నాను గురప్ప గారూ."

"మోకు బాగుంటే బాగుందంటానమ్మా. నాకూ తమకీ తగువైతే మోకేటి సేసింది?"

వెనక్కి తిరిగేసరికి ముత్యాలు లేదు. బాల్చీ అలాగే బోర్లించి ఉంది.

మంగళవారం. ఇంకా 5 రోజులు

మధ్యాహ్నం పాకలోకి వచ్చింది. కూర్చోలేదు.

"నువ్వు తెగిందంటే అయిపోయేది."

"తెగనేదే."

"నువ్వంటే ఎవులు కాదంటారు? ముప్పై ఎనిమిది కాడ మూలిగింది, నానిన్నాను. నువ్వూ ఇన్నావు."

"ఇన్నాను. మూలగడం తెగడం కాదు."

"అయితే నానేటి సెయ్యాలి తాతా? వలలు కుట్టుకోవాలా?" అని ఏడ్చింది. ఏడుస్తూనే నా ఎదురుగా ఉన్న తెగిన పోగు తీసి, అలవాటుగా చేత్తో ముడి విప్పుతోంది.

లేచి పాత పుస్తకం తీశాను. పలకలు రాకముందుది, నాచు కాగితం. యాభై తొమ్మిదేళ్ల కిందటి పేజీ దాని ముందు పెట్టాను. "లెక్కెట్టు."

వేలు పెట్టి లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది.

"పదహారు జడలకి పదిహేడు పేర్లేటి?"

"ఆకరిది సదువు."

చదివింది. మైలపల్లి గురప్ప.

అప్పుడు చెప్పాను. నేను ఎన్నడూ జడ పట్టలేదని. పక్కన నిలబడి నీళ్లు చల్లుతూ, రాలిన పోగులు ఏరుకుంటూ చేతులతో నేర్చుకున్నానని. అప్పటి మోకు పెద్ద పోలయ్య నా వేళ్లు చూసి, కట్టడిని తప్పించడానికి నా పేరు అడుగున చేర్చాడని. ఎవరూ లెక్కపెట్టలేదని. ఇంకోటి కూడా చెప్పాను, దేముడమ్మకి కూడా చెప్పనిది. ఆ ఏడు నేను లేకుండా అల్లిన మోకు తెగుతుందని రోజూ ఎదురుచూశాను. నాలుగేళ్లు ఉండాల్సింది, ఆరేళ్లు ఉంది. దించిన రోజున కూడా గట్టిగానే ఉంది. నా కడుపుమంట అది.

ముత్యాలు ఏడుపు ఆపి, ఆ ఆఖరి పేరు మళ్లీ చదివింది.

"నీకూ అలాగే రాత్తాను," అన్నాను. "పదిహేడో పేరు. ఎవులూ లెక్కెట్టరు."

"నానెట్టినాను కదా," అంది.

తరవాత పుస్తకం మూసి నా ఒళ్లో పెట్టింది. "నాకది వొద్దు తాతా. పదహార్లో ఉంటే ఉంటాను, నేకపోతే నేదు. నువ్వు ఇన్నేళ్లూ ఎవులేనా సదువుతారేమోనని బయ్యపడినావు కదా. నాకా బయ్యం వొద్దు."

డెబ్భై ఒక్క ఏళ్లకి ఒక పిల్ల నాకు బుద్ధి చెప్పింది. చెప్పించుకున్నాను.

బుధవారం. ఇంకా 4 రోజులు

హెడ్మిస్ట్రెస్ గారు రాసి ఇమ్మన్నారు. నిన్న సాయంత్రం మొదలుపెట్టి, తెల్లారి లేచి, మధ్యాహ్నం భోజనం మానేసి నా చేత్తో రాశాను. ఏడు కాగితాలు పాడయ్యాయి. దేముడమ్మ వచ్చి చూసి, "నీ అచ్చరాలు తాగినోల్లాగున్నాయి బావా, ఒకటీ తిన్నగా నిలబడదు," అంది. చదివించుకుని మాత్రం నవ్వలేదు. రాసింది పలకకి చదివి వినిపిస్తున్నాను, పుస్తకంలో ఉండాలి కాబట్టి.

అమ్మా తారకేశ్వరి గారూ,

నేను గురప్పను. నా చేతి రాత. ఓపిక పట్టి చదవండి.

మోకు తెగుతుందని బెదిరించడానికి రాయడం లేదు. తెగదు. సోమవారం నేనే చూశాను. ఆ ఏడుగురు పిల్లలు లేకపోయినా ఊరు నిలబడుతుంది. నేను లేకుండా కూడా ఒకప్పుడు నిలబడింది. నేను ఎన్నడూ జడ పట్టలేదు. పాత పుస్తకంలో పదిహేడో పేరు నాది, అది అబద్ధం. ఊరివాళ్లు నన్ను పాకలో నుంచి దిగమంటే దిగుతాను. నా మాట అది కాదు.

హంసినికి అడుగు రాలేదు. రెండు వారాలు నేర్పించాను. వందసార్లు పడింది. రాలేదని నేను ఆ పిల్లని గీత ఇవతలికి పంపలేదు. మీరూ పంపమనలేదు. నేర్పమన్నారు. ముత్యాలుకి లెక్కలు రాలేదు. మీరు దాన్ని గీత ఇవతలికి పంపారు. రానిది నేర్పడానికి వచ్చినదాన్ని ఎందుకు తీసేశారు? నాకు జవాబు కావాల్సింది ఈ ఒక్క మాటకే.

పడవలో పోయిన పిల్లల సంగతి మీరు చెప్పారు. అది నిజం. నేనూ ఆ నాలుగు రోజులు వెతికినవాణ్నే. పిల్లలకి చదవడం రావాలి. సాయంత్రాలు కూర్చోబెట్టండి. రాని పిల్లల్ని రెక్క పట్టుకుని నేనే తీసుకొస్తాను. నన్నూ వెనక బల్ల మీద కూర్చోబెట్టండి, వస్తాను. బోర్డు చదవనివాడిని పడవ ఎక్కనివ్వకండి, అది న్యాయం. ముత్యాలు బోర్డు చదువుతుంది. వచ్చి విని చూడండి.

ఆదివారం నేను డప్పు పడతాను. పట్టనని అనను, ఊరికి మోకు కావాలి. కానీ మీ జవాబు రాకపోతే గీత ఇవతల, ఆ ఏడుగురి పక్కన నేల మీద కూర్చుని వాయిస్తాను. నాకు పట్టీ లేదు, ఎటు కూర్చున్నా కూయదు. ఎందుకు అక్కడ కూర్చున్నావని ఊరివాళ్లు అడిగితే, పదిహేడో పేరు సంగతి అందరికీ చెబుతాను.

రాసే జవాబిస్తానని మీరే అన్నారు. శుక్రవారం పొద్దు గుంకేలోపు ఇవ్వండి. ఎవరి చేతా చదివించవద్దు. పెద్ద అక్షరాలతో రాయండి. నేనే చదువుకుంటాను.

మైలపల్లి గురప్ప